కొర్రీల గుమాస్తాగారు

మా హైస్కూలు పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో సోమవారం పొద్దున ఒక మెసేజ్ వచ్చింది. మన బడిలో చాలాకాలం గుమాస్తాగా చేసినాయన నిన్న ధవళేశ్వరంలో కాలం చేశారని. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. వాటి మధ్యలో ఎవరో అడిగారు, "ఎవరు, ఆ కొర్రీల గుమాస్తానా?" ఇంకెవరో నవ్వుతున్న బొమ్మ పెట్టి, తప్పనిపించిందేమో, వెంటనే తీసేశారు.

నాకు ఒళ్లు మండిపోయింది. మండిపడే హక్కు మాత్రం నాకు లేదు. పదో తరగతిలో ఆయనకు ఆ పేరు పెట్టింది నేనే.

ఆ గ్రూపులో నాన్న కూడా ఉన్నాడు. ఆయనా అదే బడిలో చదువుకున్నాడు. తొమ్మిదేళ్లుగా నేనూ నాన్నా మాట్లాడుకున్నది లేదు. ఆ గ్రూపులో మాత్రం ఇద్దరం ఉన్నాం, ఒకరి నంబరు ఒకరికి కనపడుతూ. ఆ రోజు ఆయన నుంచి చేతులు జోడించిన బొమ్మ కూడా రాలేదు.

మా ఊరు ఆత్రేయపురం దగ్గర. బడి కాలువ గట్టు పక్కనే. గుమాస్తాగారు రోజూ ధవళేశ్వరం నుంచి ఆనకట్ట మీదుగా మొదటి బస్సుకి వచ్చేవారు. పొట్టి మనిషి. చొక్కా జేబులో మూడు పెన్నులుండేవి, నీలం, నలుపు, ఎరుపు. ఎర్ర పెన్ను బయటికి తీశారంటే మన పని ఆ రోజుకి అవదని అర్థం. దరఖాస్తు ఇస్తే కళ్లతో చదివి ఊరుకునే అలవాటు ఆయనకు లేదు. అక్షరం కింద వేలు పెట్టి పైకి చదివేవారు, మెల్లగా, పక్క గదిలో టీచర్లకు కూడా వినపడేలా. మధ్యలో ఎక్కడో ఆగేవారు. ఆగిన చోట ఎర్రగీత. స్టడీ సర్టిఫికెట్ కోసం నేను ఐదుసార్లు తిరిగాను. ఒకసారి తేదీ లేదన్నారు, ఒకసారి మడత పడిందన్నారు, ఇంకోసారి "వినయంగా" అని రాసి కింద సంతకం మాత్రం విసురుగా పెట్టానన్నారు. అది కొర్రీ ఎలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

ఎవరైనా కష్టం చెప్పుకుంటే అంతా వినేవారు. విన్నాక ఒకటే మాట. "నువ్వు చెప్పేది బాగానే ఉంది. కాగితం ఏమంటోంది?"

వానలు వెనకబట్టగానే అడ్మిషన్ రిజిస్టర్లన్నీ వరండాలో పాత దుప్పట్లు పరిచి ఎండబెట్టించేవారు. వడియాలకు కాపలా పెట్టినట్టు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి కోళ్లను తోలమనేవారు. మధ్యాహ్నం తన క్యారేజీ తనే కడుక్కునేవారు. తిన్నాక గంట కొట్టేదాకా ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. ముద్దు చేసిన మనిషి కాదు, మెచ్చుకున్న మనిషి కాదు. ఇలాంటివాళ్ల గురించి సాధారణంగా ఎవరూ ఏమీ రాయరు. నేనూ రాయాలనుకోలేదు. కానీ ఆ నవ్వు బొమ్మ చూశాక ఊరుకోలేకపోతున్నాను.

నన్ను పెంచుకున్నారు. ఈ సంగతి మా ఇంట్లో ఎప్పుడూ దాచలేదు. అమ్మకు అన్న వరసైన ఒకాయన రాజోలు వైపు ఉండేవారు. ఆయన మూడో కూతుర్ని నేను. రెండున్నరేళ్లప్పుడు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో దత్తత పత్రం రాయించి తెచ్చుకున్నారు. ఆ రోజు తీయించిన ఫొటోలో నాన్న చంకలో కూర్చుని లడ్డు తింటున్నాను. నాన్న చొక్కా నిండా లడ్డు పొడి. ఆ ఫొటో హాల్లో ఉండేది. వచ్చినవాళ్లందరికీ నాన్నే చూపించేవాడు. కాబట్టి పెంపుడు కూతురు అనే మాట నాకు తిట్టులా వినపడేది కాదు, పదో తరగతి దాకా.

ఆ ఏడాది దసరా సెలవుల్లో నాన్న ఇల్లు వదిలేశాడు. పాలకొల్లులో కొబ్బరి వ్యాపారం పెట్టి అప్పటికి రెండేళ్లయింది. అక్కడ ఇంకో సంసారం ఉందని అమ్మకు ఎవరో చెప్పారు. అడిగితే, ఉందన్నాడు. విడాకుల కాగితాలు వచ్చాయి. అమ్మ మంచం మీద గోడవైపు తిరిగి పడుకుంది. చుట్టాలు వచ్చి హాల్లో కూర్చుని కాఫీలు తాగుతూ మాట్లాడుకునేవారు. ఎటు తిరిగినా మాట నా దగ్గరికే వచ్చేది.

"వాళ్లమ్మ వైపు నుంచి వచ్చిన పిల్లేగా, అటే పోనివ్వండి" అంది నాన్న అక్క.

"పెంచిన తండ్రే వద్దనుకున్నాక మనమేం చేస్తామండి. కన్నవాళ్లు లక్షణంగా ఉన్నారు కదా" అంది అమ్మ చెల్లెలు.

నేను వంటింట్లో నిలబడి వినేదాన్ని. పాలివ్వని గేదెను మళ్లీ సంతకు తోలడం గురించి మాట్లాడినట్టు ఉండేది. అన్నిటికన్నా ఎక్కువ కోపం అమ్మ మీద వచ్చేది. ఎవరేమన్నా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఉంచుకుంటాననీ అనలేదు, పంపించేస్తాననీ అనలేదు.

సరిగ్గా అప్పుడే మాకు పదో తరగతి నామినల్ రోల్స్ ఫారాలు ఇచ్చారు. పబ్లిక్ పరీక్షకు పంపే ఆ కాగితంలో ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, రెండు పుట్టుమచ్చలు రాయాలి. అందులో ఏది రాస్తే అదే సర్టిఫికెట్ మీద పడుతుంది, చచ్చేదాకా అదే మన పేరు. ఆ సంగతి గుమాస్తాగారు ప్రతి క్లాసుకీ వచ్చి రెండేసిసార్లు చెప్పారు. నేను ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేసి ఇచ్చాను.

ఎర్ర పెన్ను బయటికి వచ్చింది.

"ఇంటిపేరేదమ్మా?"

"నాకు లేదండి."

"లేకపోవడమేంటి? రిజిస్టర్లో ఉందిగా."

"అది మా నాన్నదండి."

"మరి నీదేంటి?"

ఫారం వెనక్కి ఇచ్చేశారు. ఏదో ఒకటి రాసి బుధవారం లోపల ఇవ్వాలన్నారు.

ఏదో ఒకటి అంటే, నాకు అప్పటికి మిగిలింది ఒక్కటే. ఆదివారం ఎవరికీ చెప్పకుండా రాజోలు బస్సెక్కాను. కన్నవాళ్ల ఇల్లు నాకు తెలుసు, పెళ్లిళ్లకీ పేరంటాలకీ చూసిన ఇల్లే. వాళ్ల ఇంటిపేరు రాసుకుంటానని అడుగుదామని వెళ్లాను. బస్సులోనే పెన్సిల్‌తో ఆ గడిలో రాసి చూసుకున్నాను కూడా. వాళ్లు కంగారుపడ్డారు గానీ బాగానే చూశారు. కోడిని కోశారు. అందరికన్నా ముందు నాకు పీట వేసి వడ్డించారు. నా సొంత అక్క, నాకన్నా మూడేళ్లు పెద్దది, గిన్నె పట్టుకుని పక్కన నిలబడి, "ఇంకొంచెం కూర వేసుకోండి, మొహమాటపడకండి" అంది.

అక్క నన్ను అండి అంది. తన చెల్లెల్ని మాత్రం "ఒసేయ్, నీళ్లు తే" అని కేకేసింది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని మా వైపు అలాగే పిలుస్తారు. ఆ ఒసేయ్ అనిపించుకోవడానికి ఆ రోజు నేను ఏమిచ్చైనా సరే అనుకున్నాను. అడగాల్సింది అడక్కుండానే సాయంత్రం బస్సుకి వచ్చేశాను.

మంగళవారం ఆ ఫారం పట్టుకుని ఆఫీసు గది బయట వరండాలో నిలబడ్డాను. గడిలో రాసిన పెన్సిల్ అక్షరాలు చెరిపేశాను, చెరిపినచోట కాగితం పలచబడింది. గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. నాన్న. నన్ను దాటుకునే లోపలికి వెళ్లాడు. చూడలేదని మాత్రం నేననుకోను.

లోపలికెళ్లి టైపు కొట్టించిన దరఖాస్తు ఇచ్చాడు. గుమాస్తాగారు కళ్లజోడు సర్దుకుని వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు, ఎప్పటిలాగే పైకి, ఎప్పటిలాగే మెల్లగా. "సదరు బాలికతో నాకు ఎటువంటి సంబంధం లేదనియు, నా పేరును, ఇంటిపేరును సదరు బాలిక రికార్డుల నుండి తొలగించవలసిందనియు…" స్టాఫ్ రూములో మాటలు ఆగిపోయాయి. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. ఆ పైకి చదివే పాడు అలవాటు మీద నాకు పుట్టిన అసహ్యం ఇప్పటికీ గుర్తే. నాన్న కూడా ఇబ్బంది పడ్డాడేమో, "మనసులో చదువుకోండి మాస్టారూ" అన్నాడు.

ఆయన వినిపించుకోలేదు. చదివి, మధ్యలోకి వెనక్కి వెళ్లి, వేలు ఆపారు.

"సదరు బాలిక అంటే ఎవరండి?"

"అదేనండి. మా అమ్మాయి."

"మా అమ్మాయి అంటున్నారు. సంబంధం లేదని రాశారు. రెండూ ఒక కాగితంలో కుదరవండి." ఎర్రగీత పడింది.

నాన్నకు కోపం వచ్చింది. "నా భార్యకీ నాకూ కోర్టులో నడుస్తోందండి. పెళ్లే పోతోంది. ఈ పెంపకం ఒక లెక్కా? నా పేరు దీని సర్టిఫికెట్ మీద పడితే రేపు నాకు పుట్టే పిల్లలకి ఇబ్బంది."

గుమాస్తాగారు బీరువా తెరిచి నన్ను బళ్లో చేర్పించినప్పటి ఫైలు తీశారు. అందులో దత్తత పత్రం నకలు ఉంది. దాన్ని బల్లమీద పెట్టి చేత్తో సాపు చేశారు.

"పెళ్లి రద్దవుద్దండి. దత్తత రద్దవదు. ఒకసారి సక్రమంగా రాసుకున్నాక ఎవరూ తీసేయడానికి లేదు. చట్టంలోనే ఉంది."

"ఎవరన్నారు? నేను పై ఆఫీసుకు వెళ్తాను."

"వెళ్లండి. పన్నెండుంబావుకి రాజమండ్రి బస్సుంది. వాళ్లు ఇదే చెప్తారు, కాస్త కాఫీ ఇచ్చి చెప్తారు."

నాన్న దరఖాస్తు లాక్కుని వెళ్లిపోయాడు. ఈసారి కూడా నా పక్కనుంచే. మోటారు సైకిలు స్టార్టవడానికి నాలుగైదు కిక్కులు పట్టింది. నేను తల తిప్పలేదు.

ఈ కథ ఎవరికైనా చెప్పినప్పుడు ఇక్కడ అందరి మొహాలూ వెలుగుతాయి. ఆహా, ఎంత గొప్పాయన అంటారు. నాకు ఆ క్షణంలో అలా అనిపించలేదని చెప్పాలి. అక్కర్లేదన్న మనిషికే నన్ను మేకు కొట్టి బిగించేశాడనిపించింది. లోపలికి రమ్మంటే వెళ్లి, ఫారం బల్లమీద విసిరేశాను.

"ఆయనకి నేనక్కర్లేదు. నాకూ ఆయనక్కర్లేదు. కొట్టేయండి."

"నీకూ కుదరదమ్మా. వాళ్లు వదల్లేరు, నువ్వూ వదల్లేవు."

"ఇష్టం లేకపోయినా ఉండాలా? అదేం చట్టమండి?"

ఆయన పెన్ను మూత పెట్టారు. "ఇష్టం సంగతి ఈ కాగితంలో అడగలేదమ్మా. ఎవరి పిల్లవో అడిగారు, అంతే."

నేను ఫారం నాలుగు ముక్కలుగా చింపేశాను. తల మీద చెయ్యి వేస్తారేమో, ఒక మంచి మాట అంటారేమో అని చూశాను, నిజంగానే చూశాను. ఆయన సొరుగులోంచి ఇంకో ఫారం తీశారు. "చింపినవి బుట్టలో వెయ్యి, వరండాలో కాదు. ఇది నల్ల పెన్నుతో రాయి, కొట్టివేతలు ఉండకూడదు" అన్నారు. అక్కడే నిలబడి ఏడుస్తూ రాశాను. పుట్టుమచ్చల దగ్గర ఒకటే రాస్తే రెండోది వెతుక్కోమన్నారు. అప్పుడు కూడా కొర్రీయే. చివరికి ఎడమ మోచేతి మీద దొరికింది. అంతా అయ్యాక, "చదువు" అన్నారు. చదివాను. "గట్టిగా." ఇంటిపేరు, నా పేరు, నాన్న పేరు, అమ్మ పేరు గట్టిగా చదివాను. స్టాఫ్ రూమంతా విన్నది. మంచిదే అన్నట్టు తల ఊపి, అమ్మ సంతకం పెట్టించుకు రమ్మన్నారు.

అమ్మ గోడవైపే తిరిగి ఉంది. ఫారం ఇస్తూ జరిగిందంతా కోపంగా చెప్పాను. మీ ఇద్దరికీ నేనక్కర్లేకపోయినా ఆ ముసలాయన వదలనివ్వట్లేదని చెప్పాను. అమ్మ లేచి కూర్చుంది.

"రద్దవదన్నారా?"

"అవదంట."

"ఎవరు అడిగినా అవదన్నారా? సరిగ్గా విన్నావా?"

మూడుసార్లు అడిగింది. మర్నాడు తల దువ్వుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని, సంతకం చేసిన ఫారం తనే పట్టుకుని బడికి వచ్చింది. గుమాస్తాగారి చేత అదే మాట మళ్లీ చెప్పించుకుంది. తిరిగొస్తూ కాలువ గట్టు మీద నాకు చెప్పింది. నాన్న దత్తత కొట్టేయిస్తే నేను తనక్కూడా కాకుండా పోతానని, ఆ మాట నోటితో అంటే నిజంగా జరుగుతుందని భయపడి ఇన్నాళ్లూ నోరు తెరవలేదట. నన్నెవరో వచ్చి తీసుకుపోతారని రోజూ వీధి తలుపు వైపు చెవి పెట్టుకుని పడుకునేదట. ఆ సాయంత్రం చుట్టాలు వస్తే, "నా కూతురు నా దగ్గరే ఉంటుంది. కాఫీ తాగి వెళ్లండి" అంది. అమ్మను అంతలా తప్పుగా అనుకున్నందుకు నా మీద నాకు కలిగిన చిరాకు ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

అంతమాత్రాన అంతా చక్కబడిందని అనుకోకండి. చట్టం పండక్కి బట్టలు కొనదు. ఇంటర్‌లో, డిగ్రీలో, ఉద్యోగం పరీక్షల్లో, ఎక్కడికెళ్లినా ఆ మనిషి ఇంటిపేరు ముందు రాసి ఆ తరవాత నా పేరు రాసుకున్నాను. రాసిన ప్రతిసారీ పళ్లు బిగపట్టాను. నాన్న ఒక్కసారి వచ్చింది లేదు. ఇప్పుడు నేను ఒక గ్రామ సచివాలయంలో పనిచేస్తున్నాను. రోజంతా జనం పేర్లు ఎక్కించడం, దిద్దడం. నా వెనక నన్నేమంటారో నాకు తెలుసు.

గుమాస్తాగారు రిటైరయ్యాక పక్షవాతంతో రెండేళ్లు మంచం మీద ఉన్నారు. నేను వారానికోసారి రాజమండ్రి వెళ్తూ వాళ్ల వీధి చివర నుంచే వెళ్లేదాన్ని. వచ్చే వారం దిగుదాం, వచ్చే వారం దిగుదాం అనుకున్నాను. వెళ్లి ఏం చెప్పాలో తెలిసేది కాదు. థాంక్స్ అంటే ఎందుకని అడుగుతారు, ఆ జవాబులో కూడా తప్పు పడతారు. అలా నవ్వుకుంటూ రెండేళ్లు గడిపేశాను. ఆ నవ్వు బొమ్మ పెట్టిన మనిషికీ నాకూ తేడా ఏముంది?

పెద్దకర్మ రోజున వెళ్లాను. వాళ్లింటి పక్క సందులో షామియానా వేసి, బల్లలు వరసగా పరిచారు. ఆయన భార్యకు దణ్ణం పెట్టి, ఫలానా బళ్లో చదివానని చెప్పాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "భోంచేసి వెళ్లమ్మా" అంది. రెండో బంతి అప్పుడే మొదలవుతోంది. వెళ్లి చూస్తే చివరి బల్ల దగ్గర నాన్న కూర్చుని ఉన్నాడు. జుట్టంతా నెరిసిపోయింది. ఆయన నన్ను చూశాడు. ఈసారి నన్ను దాటి చూపు తిప్పుకోవడానికి దారి లేదు, నా వెనక గోడ.

మిగతా కుర్చీలన్నీ నిండిపోయాయి. ఆయనకూ నాకూ మధ్య ఒక కుర్చీ వదిలేసి కూర్చున్నాను. వెళ్లిపోవచ్చు. పోయినాయన ఇంట్లో అన్నం ముందునుంచి ఎలా లేస్తాం? వడ్డించేవాళ్లు చూసుకోకుండా ఆ ఖాళీ కుర్చీ ముందు కూడా ఆకు వేసేశారు. దానిలో కూడా గారెలు, పులిహోర, అన్నం, పప్పు వరసగా పడ్డాయి. నాన్నా నేనూ ఎవరి ఆకు వైపు వాళ్లం చూస్తూ కూర్చున్నాం. ఇద్దరం చెయ్యి పెట్టలేదు.

నెయ్యి గిన్నెతో ఒక పెద్దాయన వచ్చి ఆగాడు.

"ఇక్కడెవరన్నా వస్తారాండి?"

నాన్న గొంతు సవరించుకున్నాడు. "రారండి."

"మరింకేం, జరగండమ్మా. బంతి మధ్యలో ఖాళీ ఉండకూడదు. జరగండి, అవతల జనం నిలబడి ఉన్నారు."

నేను కదల్లేదు. పెద్దాయన నెయ్యి వడ్డించకుండా అలాగే నిలబడ్డాడు. మా వల్ల వరసంతా ఆగిపోయింది. తలలు ఇటు తిరుగుతున్నాయి. నా ఇష్టం ఎవరూ అడగలేదు.

జరిగాను. కోపంగానే జరిగాను. పెద్దాయన నా ముందున్న అన్నం మీద ఇంత నెయ్యి వేసి ముందుకెళ్లిపోయాడు. నాన్న తన మంచినీళ్ల గ్లాసు తీసి అవతలి పక్కకు పెట్టుకున్నాడు, నా చెయ్యి తగిలి ఒలుకుతుందని.